ఆకుకూరల కడుగునీటిలో ఏమున్నది?

తెల్లవారుజాముననే ఎర్రగడ్డ రైతుబజారునకు ఆకుకూరల మూటలు చేరును. తోటకూర, పాలకూర, గోంగూర, చుక్కకూర, మెంతికూర, కొత్తిమీర, పుదీన – మూటలు విప్పి, కట్టలను గోనెపట్టాలపై పేర్చి, వాడకుండునట్లు నీరు చిలకరించెదరు. ఎర్రగడ్డ, అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతములవారు వచ్చి, ఆకు లేతగా ఉన్నదా, పురుగు కొట్టినదా, అడుగున కుళ్ళినదా అని కట్టను తిప్పి తిప్పి చూచి కొనుదురు. ఈ పరీక్ష మంచిదే. అయితే ఇది కంటికి అందు దోషములను మాత్రమే పట్టుకొనగలదు. మిల్లీమీటరులో ఇరువదియవ వంతు ఉండు పురుగు గుడ్డు ఎంతటి చురుకైన కంటికిని కనబడదు. దానిని చూచుటకు తక్కువ ఖర్చుతో ఒక మార్గము కలదు. ఆ మార్గము ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో తెలిసికొనుటయే ఈ వ్యాసవిషయము.

క్యాబేజీలోని పురుగు మెదడునకు ఎక్కునని ఒక మాట చాలకాలముగా ఇండ్లలో వినబడుచున్నది. ఈ మాటలో సగము అపోహ, సగము నిజము. క్యాబేజీ పొరలలో కనబడు పచ్చని గొంగళిపురుగు ఏ మెదడునకును ఎక్కదు. అది పెరిగి రెక్కల పురుగు అగునంతే. నిజమైన దోషి బద్దెపురుగు. పంది మాంసము ద్వారా వ్యాపించు బద్దెపురుగు మానవుని ప్రేవులలో నివసించును. దాని గుడ్లు మలముతో బయటపడును. వానిని పంది తిన్నచో దాని కండలలో పిల్లపురుగులు తిత్తులుగా ఏర్పడును. ఆ మాంసమును సరిగా ఉడకనీయక తిన్నవాని ప్రేవులలో మరల పెద్దపురుగు పెరుగును. ఇది సహజమైన చక్రము. అట్లుగాక ఆ గుడ్లే మురికిచేతుల వలననో, నీటివలననో, పచ్చి ఆకుల వలననో మానవుని కడుపులోనికి పోయినచో, పిల్లపురుగులు రక్తములో పయనించి కండలలోను, మెదడులోను తిత్తులు కట్టును. మెదడులోని తిత్తి మూర్ఛలకు కారణమగును. మన దేశములో మూర్ఛవ్యాధికి గల ముఖ్యకారణములలో ఇది ఒకటి. కావుననే జన్మలో మాంసము ముట్టనివారు సైతము ఈ జబ్బుతో నాడీవైద్యుల యొద్దకు పోవుట కలదు. ఎవరో తెలియని ఒకరి ప్రేవులలోని పురుగు, పొలమును, నీటిని, ఆకును దాటి వారిని చేరినది.

ఆకుకూరలపై దొరకు పరాన్నజీవులు ఇంకను కొన్ని కలవు. ఏలికపాము ఆడపురుగు ఒక్కదినములో సుమారు 2 లక్షల గుడ్లు పెట్టును. ఆ గుడ్డు పైపొర జిగురుగా ఉండుటచే ఆకు మడతలకు, వేళ్ళకు అంటుకొనును. మలముతో పడిన వెంటనే అది ప్రమాదకరము కాదు. తడినేలలో రెండు మూడు వారములుండి, లోపల పిల్లపురుగు తయారైన పిమ్మటనే అంటగలదు. అనుకూలమైన నేలలో నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరముల తరబడి బ్రతికియుండును. కొరడాపురుగు కథయు దాదాపు ఇట్టిదే. కొంకిపురుగు సంగతి వేరు. అది ముఖ్యముగా చెప్పులులేని కాళ్ళ చర్మము గుండా ప్రవేశించును గనుక, దాని గుడ్డు ఆకుపై కనబడినచో తినువానికి నేరుగా అపాయమని చెప్పుటకంటె, ఆ పొలమునకు మానవమలము చేరినదనుటకు సాక్ష్యమని చెప్పుట సరియగును. ఇక అమీబా, జియార్డియా, క్రిప్టోస్పోరిడియము మున్నగు ఏకకణజీవులు గట్టి గోడగల కోశములుగా బయటపడును. అమీబా, జియార్డియా, క్రిప్టోస్పోరిడియములకు వారముల నిరీక్షణ అక్కరలేదు. పడిననాడే అంటుటకు సిద్ధముగా ఉండును. కుళాయినీటిలో కలుపు క్లోరిను క్రిప్టోస్పోరిడియమును గాని, ఏలికపాము గుడ్డును గాని ఏమియు చేయజాలదు. వేడి మాత్రము వీనినన్నిటిని చంపును.

ఇచ్చట తెలుగువారి వంటకు కొంత మేలు కలదు. తోటకూర పులుసైనను, పాలకూర పప్పైనను, గోంగూర పచ్చడియైనను ఆకు పొయ్యిమీద ఉడికియో మగ్గియో తీరును. ఉడికిన ఆకులో ఏ గుడ్డును బ్రతుకదు. భయమంతయు పచ్చిగా తినువానితోనే: చారు దించిన పిదప పైన చల్లు కొత్తిమీర, పెరుగుపచ్చడిలో కలుపు పుదీన, పచ్చి ఉల్లికాడలు, ముల్లంగి. అమెరికాలో సైక్లోస్పోరా అను పరాన్నజీవి వలన కలిగిన విరేచనముల వెల్లువలకు మెక్సికోలోని పుయెబ్లా రాష్ట్రపు కొత్తిమీర కారణమని గుర్తించి, 2015లో ఆ దేశపు ఆహార, ఔషధ శాఖ వేసవి మాసములలో దాని దిగుమతిపై ఆంక్ష విధించెను. అనగా గుప్పెడు కొత్తిమీర రెండు దేశముల వర్తకమునకు సంబంధించిన సమస్య అయినది. ఒక్క కత్తిపీట, ఒక్క చెక్కపై పచ్చికూరను, వండెడి కూరను వెంట వెంటనే తరుగుట మరియొక దారి. దానిని ఎవరును లెక్కించరు.

గుడ్లు పొలమునకు ఎట్లు చేరును? హైదరాబాదులో ఈ ప్రశ్నకు మూసీనది పాఠముగా నిలిచినది. నగరపు మురుగునీరు చేరిన ఆ నది తూర్పుగా పారుచుండగా, దానికి అడ్డముగా పూర్వకాలమున కట్టిన కత్వల నుండి కాలువలు తీసి గడ్డి, వరి, ఆకుకూరలు పండించుచు వచ్చిరి. ఈ సేద్యము చేయు కుటుంబములను అంతర్జాతీయ జలనిర్వహణ సంస్థకు సంబంధించిన జెరోన్ ఎన్సింక్, ఆయన సహచరులు పరిశీలించి 2008లో ఫలితములు ప్రకటించిరి. శుద్ధిచేయని మురుగునీటితో పనిచేయువారిలో కొంకిపురుగు, ఏలికపాము మొదలైన వాని బాధ మిగిలినవారికంటె ఎక్కువగా కనబడెను. వారి పరిశీలనలలో మరియొక విశేషము కూడ బయటపడినది. నగరము నుండి దిగువకు పోవుకొలది నీటిలో పురుగు గుడ్లు తగ్గుచువచ్చెను. కత్వల వెనుక నీరు నిలిచినపుడు గుడ్లు అడుగునకు దిగిపోవుటయే దీనికి ముఖ్యకారణము. సేద్యపు నీటిలో లీటరునకు ఒక గుడ్డుకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 1989లో పెట్టిన పరిమితికి ఆధారమైన శుద్ధిపద్ధతియు ఇదియే. వరుసగా త్రవ్విన కుంటలలో నీటిని కొన్నిదినములు నిలుపుట.

ఎర్రగడ్డకు వచ్చు కూరలు మూసీ నీటితో పండినవని దీని భావము కాదు. అచ్చటికి రంగారెడ్డి, మెదకు వైపుల నుండి వచ్చునవి పెక్కు. బావినీటితో పండిన కట్టకును, మురుగునీటితో పండిన కట్టకును చూపునకు భేదము లేదన్నదే ఇచ్చటి చిక్కు. అది అమ్మువారికిని నష్టమే. మంచినీటితో పండించిన రైతు తన మాటను ఋజువు చేసికొనలేడు.

పరీక్షకు వలసిన ముఖ్యపరికరము సూక్ష్మదర్శిని. అది ఎంత గొప్పదై ఉండవలెనను ప్రశ్నకు అమీర్‌పేటకు ఆవలనున్న బేగంపేటయే జవాబు చెప్పగలదు. 1897 ఆగష్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ దోమ కడుపుగోడలో మలేరియా పరాన్నజీవిని చూచినది అచ్చటనే. ఆ సూక్ష్మదర్శిని మరలు చెమటకు త్రుప్పుపట్టెననియు, కంటివద్ద కటకము పగిలియుండెననియు ఆయనయే వ్రాసికొనెను. నేడు జంతుశాస్త్రము బోధించు ఏ కళాశాలలోనైనను అంతకంటె మేలైన పరికరములు కలవు. 10 రెట్ల అక్షికటకము, 10, 40 రెట్ల వస్తుకటకములు ఉన్నచో చాలును. భారతీయుడైన మను ప్రకాశ్ అమెరికాలోని స్టాన్‌ఫర్డులో తన సహచరులతో రూపొందించి 2014లో వెల్లడించిన కాగితపు సూక్ష్మదర్శిని వంటివి పెద్ద గుడ్లను చూపగలవు గాని, గంటల తరబడి సాగు లెక్కపనికి బల్లమీద కదలక నిలుచు పరికరమే అనువైనది.

పద్ధతి ఇది. 200 గ్రాముల ఆకులను వేళ్ళతో సహా తూచి, లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు కలిపిన ద్రావణములో ముంచవలెను. ఉప్పులేని నీటిలో సున్నితమైన జీవులు ఉబ్బి పగులవచ్చును. రెండు చుక్కల సబ్బుద్రావణము కలిపినచో జిగురు వదులును. పావుగంటసేపు బాగుగ కుదిపి, ఆకులు తీసివేసి, నీటిని పలుచని గుడ్డగుండా వడగట్టవలెను. మట్టిబెడ్డలు, ఆకుముక్కలు నిలిచిపోవును. గుడ్లు నీటితోకూడ దిగును. ఇప్పుడు లీటరు నీటిలో ఎచ్చటనో ఉన్న పది గుడ్లను ఒక చుక్కలోనికి చేర్చవలెను. ప్రయోగశాలలో దీనికి గిరగిర త్రిప్పు అపకేంద్ర యంత్రమును వాడుదురు. అది లేనిచోట ఓర్పు ఆ పని చేయును. మూసీ కత్వ చేసిన పనియు ఇదియే.

ఎంతసేపు ఆగవలెను? నీటిలో చిన్న గోళము దిగు వేగము దాని వ్యాసముయొక్క వర్గమును బట్టియు, దానికిని నీటికిని గల సాంద్రతాభేదమును బట్టియు ఉండునని స్టోక్స్ సూత్రము చెప్పుచున్నది. ఏలికపాము గుడ్డు వ్యాసము రమారమి 50 మైక్రానులు; మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. అది గంటకు అరమీటరునకు పైగా దిగును. 10 సెంటీమీటర్ల లోతుగల పాత్రలో పావుగంట చాలును. జియార్డియా కోశము సుమారు 10 మైక్రానులు. వ్యాసము అయిదవ వంతు అగుటచే వేగము 25వ వంతగును. సాంద్రతాభేదము తక్కువ అగుటచే ఇంకను తగ్గును. గంటకు సుమారు అర సెంటీమీటరు మాత్రమే దిగును. ఆ పాత్రలోనే దానికి 20 గంటలు కావలెను. కావున రాత్రి నిలిపి ఉదయము చూచువారు 5 సెంటీమీటర్ల లోతునకు మించని వెడల్పు పళ్ళెమును ఎన్నుకొనవలెను. 5 మైక్రానుల క్రిప్టోస్పోరిడియమునకు మూడు నాలుగు దినములు పట్టును. అంతలో నీరు కుళ్ళును. దానిని ఈ చవుక పద్ధతి పట్టుకొనలేదని ఒప్పుకొనుటయే న్యాయము. ఆకుకూరలలో క్రిప్టోస్పోరిడియమును, జియార్డియాను వెదకుటకు 2016లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణము అయస్కాంతపు పూసలకు ప్రతిదేహములను అంటించి, వానితో కోశములను ఏరి పట్టుకొనును. దాని ఖర్చు కళాశాలలు భరింపగలది కాదు.

పైనీటిని రబ్బరుగొట్టముతో కదలకుండ తీసివేసి, అడుగుమడ్డిని మొనదేలిన గాజుపాత్రలో మరల నిలిపి, ఒక మిల్లీలీటరునకు తేవలెను. చుక్కను గాజుపలకపై ఉంచి, అయోడిను ద్రావణము కలిపి చూచినచో కోశముల కేంద్రకములు స్పష్టపడును. మడ్డిలో మట్టి ఎక్కువైనచో తేల్చుపద్ధతి వాడుదురు. సంతృప్త ఉప్పుద్రావణపు విశిష్ట గురుత్వము సుమారు 1.2, చాలగుడ్లు అంతకంటె తేలిక. అవి పైకి తేలి, పాత్ర మూతిపై ఆనించిన పలుచని గాజుబిళ్ళకు అంటుకొనును. చూచుట ఎంతో సులభమగును. కాని ఇచ్చట ఒక మోసము పొంచియున్నది. బద్దెపురుగు గుడ్లు, ఫలదీకరణము చెందని ఏలికపాము గుడ్లు ఈ ద్రావణములో తేలవు. తేలినదానిని మాత్రమే చూచి మడ్డిని పారవేసినవాడు, మెదడునకు ఎక్కు ఒక్క పురుగునే వదలివేసినవాడగును.

కటకము క్రింద ఏలికపాము గుడ్డు గోధుమవన్నెతో, అలలు అలలుగా ఉన్న మందపు పైపొరతో కనబడును. కొరడాపురుగు గుడ్డు రెండు కొనలను బిరడాలు బిగించిన చిన్న పీపావలె ఉండును. కొంకిపురుగు గుడ్డు పలుచని పొరతో అద్దమువలె ఉండి లోపల కొద్ది కణములు చూపును. బద్దెపురుగు గుడ్డు 30 నుండి 40 మైక్రానుల గుండ్రని వస్తువు. మందపు గోడపై చక్రపు ఆకులవంటి గీతలు, లోపల ఆరు కొంకులు. పందినుండి వచ్చు జాతిదో, పశువునుండి వచ్చు నిరపాయమైన జాతిదో గుడ్డును చూచి చెప్పుట అసాధ్యము. జబ్బు చేయు అమీబాకును, దానిని పోలిన అమాయకపు అమీబాకును కోశములలో భేదమే లేదు.

ఇవి పుస్తకములోని బొమ్మలు. ఆకుకూర మడ్డిలో వీనికంటె వందరెట్లు ఎక్కువగా ఇతర వస్తువులు కనబడును. పుప్పొడిరేణువు గుడ్డువలె నటించును. నల్లుల గుడ్లు, బూజు బీజములు, గాలిబుడగలు, ఆకుపై నూగు కొత్తవానిని తికమకపెట్టును. నేలలో స్వేచ్ఛగా బ్రతుకు నులిపురుగులు మెలికలు తిరుగుచు కనబడగానే కొంకిపురుగు పిల్లలని కేకవేయుట విద్యార్థులకు పరిపాటి. అవి మొక్కల వేళ్ళయొద్ద ఉండవలసినవే. ఎవరికిని హాని చేయవు. కావున ప్రతి వస్తువును కొలతబిళ్ళతో కొలిచి, రెండవవాని కంటికి చూపి గాని లెక్కలో చేర్చరాదు. మిల్లీలీటరు మడ్డి నుండి 20 చుక్కలు, చుక్కకు పదినిమిషములు అనుకొన్నను మూడుగంటలు దాటును. ఉప్పు, సబ్బు, అయోడిను చవుక. ఈ పరీక్షలో ఖరీదైనది కన్ను.

సరిగా వెదకినను అన్నియు దొరకవు. తెలిసిన లెక్కతో 100 గుడ్లను శుభ్రమైన ఆకులపై వేసి ఇదే పద్ధతిలో వెదకినచో, 40 మాత్రమే తిరిగి దొరకినవనుకొందము. అప్పుడు ఆ చేతికి పట్టుబాటు నూటికి 40. ఈ సంఖ్య తెలియని ప్రయోగశాల ‘ఏమియు లేదు’ అని వ్రాసియిచ్చిన కాగితమునకు విలువ లేదు.

మరియొక లెక్క దీనికంటె ముఖ్యమైనది. బజారులో 20 కట్టలకు ఒకటి దోషము కలదని అనుకొందము. 10 కట్టలు తీసి పరీక్షించినచో పదియు శుభ్రముగా తేలు అవకాశము నూటికి 60. అనగా దోషమున్న బజారునే మంచిదని చెప్పు ప్రమాదము సగముకంటె ఎక్కువ. నూటికి 95 పాళ్ళు పట్టుకొనవలెనన్నచో 59 కట్టలు చూడవలెను. విడివిడిగా చూచినచో ఇది నెలరోజుల పని. కాని కట్టకు 20 గ్రాముల చొప్పున పది కట్టలనుండి తీసి ఒక్కసారి కడిగినచో, ఆరు కడుగుళ్ళలో 60 కట్టలు ముగియును. ఏ కట్ట దోషి అని తెలియదు. తెలియనక్కర లేదు కూడ. చూచిన కట్ట ఎట్లును పారవేయబడును, అమ్ముడైన కట్టను ఎవరును చూడలేదు. కావున ఈ పరీక్ష కట్టకు యోగ్యతాపత్రము ఇచ్చుటకు పనికిరాదు. మురికి ఎచ్చట చేరుచున్నదో కనుగొనుటకు మాత్రము చక్కగా పనికివచ్చును.

ఆ దృష్టితో చూచినచో పరీక్షింపవలసినవి ఆకులొక్కటే కావు. పొలములో కోసిన కట్ట, మట్టి వదలుటకు దానిని ముంచిన తొట్టినీరు, బజారులో చిలకరించు బకెట్టునీరు – ఈ మూడింటిని ఒకేదినమున, ఒకే బండి వెంట తీసి పోల్చవలెను. పాకిస్తానులోని ఫైసలాబాదులో ఎన్సింక్ బృందము ఇట్లే పొలములోని కూరలను, బజారులోని కూరలను పోల్చి 2007లో ప్రకటించినది. మురుగునీటి పొలములకంటె బజారులోని కూరలపైనే మాలిన్యము ఎక్కువగా తేలెను. ఎర్రగడ్డలో అదే ఫలితము వచ్చినచో, రైతు బావిని శంకించుట మాని బజారు తొట్టినీటిని మార్చిన సరిపోవును. పొలములోనే కనబడినచో కాలువను, ఎరువును విచారింపవలెను. బీకరులో దిగిన గుడ్లు దిగువ పొలములకు పోకుండ, సేద్యపు నీటిని ముందుగా కుంటలో నిలుపుట అప్పుడు ఆలోచింపదగినది.

దొరకిన గుడ్డు బ్రతికియున్నదా అను సందేహము మిగులును. ఏలికపాము గుడ్లను అతిపలుచని గంధకామ్లములో, గది వేడిమిలో మూడు నాలుగు వారములుంచినచో బ్రతికిన గుడ్డులో పిల్లపురుగు చుట్టుకొని కదలుట కనబడును. ఫార్మలీనులో వేసినంతమాత్రమున ఈ గుడ్డు చచ్చునని నమ్మరాదు. అందులోను పెరిగిన గుడ్లు కలవు. పని ముగిసిన మడ్డిని మరిగించిన పిమ్మటనే పారబోయవలెను.

ఇదే పళ్ళెము, ఇదే సూక్ష్మదర్శినితో వంటింటి కడుగుళ్ళను కూడ పరీక్షింపవచ్చును. ఒకే కట్టను మూడుమారులు కడిగి, మూడు నీళ్ళను వేర్వేరుగా నిలిపి లెక్కించినచో ఏ కడుగుడులో ఎంత వదలుచున్నదో తెలియును. ఉప్పునీరు, వెనిగరు గుడ్లను చంపునని పలువురి నమ్మకము. అవి అంటినదానిని కొంత వదలించునేమో గాని ఏలికపాము గుడ్డును చంపజాలవు. కొత్తిమీరను వేళ్ళు కోసివేసి ఒక కట్ట, వేళ్ళతోనే మరియొక కట్ట కడిగి పోల్చుట విద్యార్థులకు రెండుదినముల పని. మడ్డి పళ్ళెములో దిగుచుండగా వారు చేయవలసినది వేచియుండుటయే.